మాలకొండమ్మ పంతొమ్మిది తప్పులు

గుంటూరు హాస్టల్
23 జూన్ 2024, ఆదివారం

ఆండ్రూ మామకు వందనాలు.

ఉత్తరం చూసి ఈ పిల్లకు మతి పోయిందేమోనని భయపడకు. ఈ బేస్‌బాల్ హాస్టల్లో చేరిన రోజే వార్డెన్ మా ఫోన్లన్నీ ఒక ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆదివారం పది నిమిషాలు ఇస్తారు. అమ్మ ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎందుకు తినలేదు అని అడిగేసరికి ఆ పది నిమిషాలూ అయిపోతాయి. నీకు మాత్రం ఉత్తరమే.

నా సంగతి చెబుతాను, నవ్వుకో. మొదటి రోజు గ్రౌండ్‌లో పిచ్చర్లందర్నీ ఒక పక్కకు రమ్మన్నారు. చిట్టమూరు మండలంలో బేస్‌బాల్ బంతి వేసే పిచ్చర్ అంటే నేనొక్కదాన్నే కదా, ఇక్కడా ఒక్కదాన్నే నడుస్తాననుకున్నాను. నాతో పాటు పదిమంది వచ్చారు. నలుగురు నాకంటే పొడుగు. ముగ్గురు నాకంటే వేగం. మిగిలిన ముగ్గురూ పొడుగూ, వేగం కూడా.

కోచ్ పేరు రెజీనా మేడం. గట్టిగా మాట్లాడదు, అందుకే ఎక్కువ భయం. మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, ఆటలో మాదే పైచేయి అని నమ్మించే అంకె ఒక్కటి చెప్పమంది. కర్నూలు అమ్మాయి లేచి, పద్నాలుగు ఆటలు గెలిచానంది. ఆ ఆటల్లో మీ జట్టు సగటున ఎన్ని పరుగులు కొట్టిందని మేడం అడిగింది. పది అంది ఆ అమ్మాయి. "అయితే నీ బదులు నేను బంతి వేసినా గెలిచేవాళ్లు" అంది మేడం.

తర్వాత నేను. పిచ్చర్ వల్ల అవతలి జట్టుకు ఆటకు సగటున ఎన్ని పరుగులు వచ్చాయో చెప్పే అంకె, నువ్వు కంఠస్థం చేయించిన ఈఆర్ఏ, నాది ఒకటి పాయింట్ ఒకటి అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. నా తల ఒక అంగుళం పైకి లేచింది కూడా. అప్పుడు మేడం స్కోరు ఎవరు రాశారని అడిగింది. మా మామ అన్నాను. ఆ తర్వాత వచ్చిన నవ్వు మీ స్కూలు దాకా వినబడి ఉంటుంది.

కాబట్టి నాకు రెండు కావాలి. పిచ్చర్ ఆధిపత్యాన్ని సరిగ్గా కొలిచే అంకె ఏదో చెప్పు. మన పన్నెండు ఆటల స్కోరుబుక్కు పంపు, మేడం ముందు పెడతాను.

నవ్వులపాలైన నీ మేనకోడలు,
ఏంజెలిన్

*

చిట్టమూరు
2 జూలై 2024

ఏంజీ,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ నా చేతికిచ్చి, కోర్టు నోటీసేమో చూసుకోమన్నాడు. నాకు ఉత్తరాలు రాసేవాళ్లు ఉన్నారంటే ఆయనకు నమ్మకం కుదరలేదు.

అంకెల గురించి అడగడానికి నువ్వు సరైన మనిషినే పట్టుకున్నావు. నా ఆట చరిత్ర నీకు పూర్తిగా చెప్పలేదు. రాష్ట్ర పోటీల్లో నేను వేసింది ఒకే ఒక్క ఇన్నింగ్స్. ఇచ్చినవి తొమ్మిది పరుగులు. ఏడు ఇన్నింగ్స్‌ల ఆటకు లెక్కవేస్తే నా ఈఆర్ఏ అరవై మూడు. ఇరవై ఎనిమిదేళ్లయింది, జిల్లాలో ఆ అంకెను ఇంకా ఎవరూ దాటలేదు. ఆ తర్వాతే నేను పీఈటీ ఉద్యోగం చూసుకుని పెన్సిల్ పట్టుకున్నాను. బంతి కంటే పెన్సిల్ నా మాట వింటుంది.

నీకు జరిగిన అవమానం చదివాక ఊరుకోలేకపోయాను. రెండు రోజులు కూర్చుని ఒక సూచిక తయారుచేశాను. నీ అరవై రెండు స్ట్రైకవుట్లను, అంటే బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేసినవాళ్లను, రెట్టింపు చేసి, నువ్వు ఊరికే బేస్‌కు నడిపించిన ముప్పై ఐదుమందిని తీసేసి, గెలిచిన తొమ్మిది ఆటలు కలిపి, మొత్తాన్ని ఈఆర్ఏతో భాగించాను. ఎనభై తొమ్మిది వచ్చింది. నూటికి ఎనభై తొమ్మిది అనుకోమని మీ మేడంకే నేరుగా రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. నూటికి అని ఎందుకనుకోవాలో నాకూ తెలియదు, కానీ చదవడానికి బాగుంది. దానికి ఆండ్రూ సూచిక అని పేరు కూడా పెట్టాను.

స్కోరుబుక్కు స్కూలు బీరువాలో ఉంది. తాళం హెడ్మాస్టరు దగ్గరుంది. హెడ్మాస్టరు సెలవులో ఉన్నాడు. అయినా సూచిక ఉండగా బుక్కుతో పనేముంది?

మీ నాన్నకు కృష్ణపట్నం పోర్టులో డ్యూటీ మారింది. మీ అమ్మ బాగుంది. నువ్వు ఏం తింటున్నావో నన్నడుగుతోంది.

నీ పరువు కాపాడిన
మామ

*

గుంటూరు హాస్టల్
14 జూలై 2024, ఆదివారం

మామా,

నా పరువు ఇప్పుడు నోటీసుబోర్డు మీద ఉంది. నీ రిజిస్టర్డ్ ఉత్తరాన్ని రెజీనా మేడం అక్కడ అంటించింది. మెస్‌లో అన్నం వడ్డించే అక్క కూడా నన్ను సూచికా అని పిలుస్తోంది. "సూచికా, ఇంకొంచెం సాంబారు?"

అయితే మేడం వెక్కిరించడానికి అంటించలేదట, పాఠం చెప్పడానికట. దాన్ని చూపిస్తూ ఒక గంట మాట్లాడింది. బ్యాట్‌కు తగిలిన బంతి మీద ఎందరి చెయ్యి ఉంటుందో చెప్పమంది. మేం చెబుతూ పోయాం. బ్యాటర్, వెనక నిలబడ్డ ఫీల్డర్లు, నేలమీది గుంటలు, గాలి. చివర్లో స్కోరర్ పెన్సిల్ అని మేడమే చేర్చింది. ఇంతమంది కలిసి తయారుచేసిన అంకెను పిచ్చర్ ఒక్కతే తన గొప్ప అనుకోకూడదంది. పిచ్చర్ సొంతంగా చేసేవి మూడేనట. స్ట్రైకవుట్ చేయడం, ఊరికే బేస్‌కు నడిపించడం, గ్రౌండ్ అవతల పడేలా కొట్టించుకోవడం. పైచేయి ఎవరిదో ముందు అక్కడ చూడాలంది.

తర్వాత నా అంకెలు బోర్డు మీద రాసింది. డెబ్భై ఇన్నింగ్స్‌లలో అరవై రెండు స్ట్రైకవుట్లు, పర్వాలేదు. ముప్పై ఐదు వాక్‌లు, ఘోరం. ఇలాంటి పిచ్చర్‌కు ఈఆర్ఏ మూడు దగ్గర ఉండాలట. "ఈ ఒకటి పాయింట్ ఒకటీ, ఈ ముప్పై ఐదూ ఒకే అమ్మాయివంటే నాకు నమ్మకం కుదరడం లేదు" అంది.

నా వెనక ఎవరు ఆడేవాళ్లని అడిగింది. షార్ట్‌స్టాప్‌లో, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్యలో, మన కొండ, మాలకొండమ్మ, ఉండేదని చెప్పాను. ఇక్కడి షార్ట్‌స్టాప్ పక్కనుంచి దూసుకుపోయే బంతుల్లో సగం కొండ అందుకునేది మామా. అది ఇక్కడికి వచ్చాకే తెలిసింది. కానీ కొండ అంకె చెప్పాల్సి వచ్చేసరికి నాకే సిగ్గేసింది. పన్నెండు ఆటల్లో పంతొమ్మిది తప్పులు. జిల్లా జట్టులో తీసుకోనిది అందుకే కదా.

మేడం అన్ని తప్పులు చేసే పిల్లను పన్నెండు ఆటలూ ఎందుకు ఆడించారని అడిగింది. ఎందుకు ఆడించావు మామా? కొండ ఇప్పుడేం చేస్తోంది? స్కోరుబుక్కు పంపు. హెడ్మాస్టరు సెలవు అయిపోయే ఉంటుంది.

నీ
సూచిక

*

చిట్టమూరు
25 జూలై 2024

ఏంజీ తల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నువ్వు రాయనిది నాకు కనబడింది. నీకు అక్కడ మనసు నిలవడం లేదు. పాత జట్టు, పాత స్నేహితులు, పాత బుక్కు, ఇవన్నీ ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్లు అడిగేవి. నేనూ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మా గేదె ఎలా ఉందని రాసేవాణ్ణి. నాకు గేదె మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు.

అందుకని మీ అమ్మకు చెప్పాను. కంగారుపడవద్దనే చెప్పాను, కానీ మా అక్కకు ఆ మాట చెప్పడమంటే కంగారుపడమని గుర్తుచేయడమే. ఆమె ఏదో ఆలోచనలో ఉంది.

కొండను ఆడించింది ఎందుకంటే ఇంకో మనిషి లేక. తొమ్మిదిమంది కావాలి, మనకున్నది పదిమంది, ఆ పదోవాడు నేను. మీ మేడం పట్టణం మనిషి, ఈ బాధలు తెలియవు.

ఆ పిల్ల ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనికి పోతోంది. మొన్న సాయంత్రం బస్సులో చూశాను. నీలం గౌను, తలకు గుడ్డ కట్టుకుని ఉంది. పలకరిద్దామని లేచేలోపల వెనక తలుపునుంచి దిగిపోయింది. వాళ్ల జాలరి కుప్పానికి ఇంకా రెండు స్టాపులున్నాయి.

బుక్కు సంగతి మర్చిపో. నీ ముప్పై ఐదు వాక్‌ల సంగతి చూసుకో. బంతి వదిలేటప్పుడు ఎడమ కాలు పక్కకు తెరుచుకుంటోంది, నేను ముందునుంచీ అంటూనే ఉన్నాను.

నీ బెంగ తెలిసిన
మామ

*

గుంటూరు హాస్టల్
4 ఆగస్టు 2024, ఆదివారం

మామా,

అమ్మ వచ్చింది. ఒక ఖాళీ సూట్‌కేసు తెచ్చింది, నన్ను తీసుకుపోవడానికి. నీ పుణ్యాన నేను రోజూ ఏడుస్తున్నానని, అన్నం మానేశానని ఆమెకు తెలిసింది. నేను గ్రౌండ్‌లో ఇడ్లీ తింటూ కనబడేసరికి ఆమెకు కోపం వచ్చింది. బాగున్నందుకు తిట్లు తిన్నది ఈ హాస్టల్లో నేనే అయి ఉంటాను.

సూట్‌కేసులో ఎండు రొయ్యల పొడి డబ్బా ఉంది. దాని కింద నీ స్కోరుబుక్కు ఉంది. పొడి కోసం మీ ఇంటికి వెళ్తే నీ గదిలో బైబిలు కింద కనబడిందట. పిల్ల అడిగిన బుక్కు ఇదే కదా అని, నీకు చెబితే మర్చిపోతావని, నేరుగా తెచ్చేసింది. స్కూలు బీరువా తాళం సంగతి అమ్మకు తెలియదు. నేను చెప్పలేదు.

చెట్టుకింద కూర్చుని ఇద్దరం చూశాం. ఎర్రర్ అంటే ఏమిటని అమ్మ అడిగింది. చెప్పాను. బంతిని ఎవరూ ఆపలేనంత గట్టిగా కొట్టి బ్యాటర్ బేస్ చేరితే అది హిట్. దాని వల్ల వచ్చే పరుగు పిచ్చర్ ఈఆర్ఏలోకి పోతుంది. మామూలుగా పట్టాల్సిన బంతిని ఫీల్డర్ వదిలేస్తే అది ఎర్రర్. అది ఫీల్డర్ తప్పు, పరుగు పిచ్చర్‌కు అంటదు. ఏది ఏదో తేల్చేది స్కోరరే. అమ్మ గళ్ల మీద వేలు పెట్టి, "అయితే ఆండ్రూ తేల్చినాడా ఇవన్నీ?" అంది.

మామా, నాయుడుపేట ఆట గుర్తుందా? ఐదో ఇన్నింగ్స్. ఎడంచేతి వాటం అమ్మాయి కొట్టిన బంతి రెండో బేస్ పక్కనుంచి పోతుంటే కొండ నేలకు పడి చేయి చాపింది. గ్లవ్ కొసకు తగిలి పక్కకు పోయింది. నేను చప్పట్లు కూడా కొట్టాను, అంతదూరం చేరినందుకు. బుక్కులో అది ఎర్రర్. కొండ పేరు మీద. ఇద్దరు స్కోర్ చేశారు, నాకు అంటలేదు.

అలాంటివి వెతికాను. పదిహేను దొరికాయి. ఆ పదిహేను గళ్లలోనూ కాగితం పల్చబడి ఉంది. ముందు ఒకటి రాసి, రబ్బరుతో చెరిపి, మళ్లీ రాశావు. వెలుతురుకు పెట్టి చూస్తే కింద హిట్ గుర్తు కనబడుతోంది.

నీకు తెలిసే చేశావా?

ఏంజెలిన్

*

చిట్టమూరు
18 ఆగస్టు 2024, ఆదివారం

ఏంజెలిన్‌కు,

తెలిసే చేశాను.

ఈ రెండు మాటలు రాయడానికి పద్నాలుగు రోజులు పట్టింది. ఈ మధ్యలో నీకు మూడు ఉత్తరాలు రాశాను. ఒకదాంట్లో నా కళ్లజోడు పాతదని రాశాను. రెండోదాంట్లో నిబంధనల పుస్తకంలో ఆ మాట అస్పష్టంగా ఉందని రాశాను. మూడోది ఇంకా సిగ్గుచేటు, అందులో మీ అమ్మను తప్పుపట్టాను. అన్నీ చించేశాను.

మొదటిది గూడూరు ఆటలో. నువ్వు వరసగా మూడు హిట్లు ఇచ్చి, ఇన్నింగ్స్ అయ్యాక నీళ్ల డ్రమ్ము వెనక్కు పోయి ఏడ్చావు. బుక్కు నా ఒళ్లో ఉంది. ఆ మూడోది కొండ చేతికి తగిలిన బంతి. ఒక్కటి మారిస్తే ఏమవుతుందనుకున్నాను. సాయంత్రం నీకు అంకె చూపిస్తే నీ మొహం వెలిగింది. ఆ మొహం కోసం తర్వాతి ఆటలో ఇంకొకటి మార్చాను. తర్వాత జిల్లా సెలక్షన్ వచ్చింది. అరవై మూడు ఈఆర్ఏ ఉన్నవాడి మేనకోడలు ఒకటి పాయింట్ ఒకటితో గుంటూరు పోతుంటే జిల్లా అంతా నా భుజం తట్టింది. నీ గొప్ప చూసి సంతోషించాననుకునేవాణ్ణి. నిజానికి నా గొప్పే చూసుకున్నాను.

ప్రతిసారీ కొండే ఎందుకంటే, బంతి దగ్గరకు చేరేది ఆమె ఒక్కతే. చేరని పిల్ల మీద తప్పు రాయలేం. కొండకు ఎడమవైపు ఆడిన పిల్ల పన్నెండు ఆటల్లోనూ బంతికి నాలుగడుగుల దూరంలో నిలబడింది, ఆమె పేరు మీద ఒక్క తప్పూ లేదు. కొండ పరిగెత్తి, పడి, వేలికొసతో ముట్టుకుంది కాబట్టి నాకు ఆమె దొరికింది. మీ మేడం అడిగినదానికి ఇదే జవాబు. మనిషి లేక ఆడించలేదు. జట్టులో అందరికంటే గొప్ప ఆటగత్తె కాబట్టి ఆడించాను.

ఇంకొకటి నీకు తెలియదు. నాయుడుపేట ఆట అయ్యాక ఆ పిల్ల నా దగ్గరకొచ్చింది. మోచేయి గీరుకుపోయి ఉంది. బుక్కులోకి చూసి, "సార్, అది నా తప్పేనా?" అని అడిగింది. నేను తల ఎత్తకుండా అవునమ్మా అన్నాను. మరుసటి రోజునుంచి స్కూలు గోడకు బంతి కొట్టుకుంటూ ఒక్కతే ప్రాక్టీసు చేసేది, అదే బంతి కోసం. నేను స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూసేవాణ్ణి.

నన్ను ఏమనుకున్నా సరే.

ఆండ్రూ

*

గుంటూరు హాస్టల్
25 ఆగస్టు 2024, ఆదివారం

మామా,

నేను కొత్తగా లెక్కవేశాను. పదకొండు కాదు, ముప్పై ఒక్క పరుగులు నావి. ఈఆర్ఏ మూడు పాయింట్ ఒకటి. మేడం బోర్డు మీద మూడు దగ్గర ఉండాలని అన్నది, గుర్తుందా? మన చిట్టమూరు ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు, మూడు అంకెలతో పట్టేసింది.

రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజు నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ పన్నెండు ఆటలూ బంతి వేసింది నేనే కదా. బ్యాట్‌కు తగిలిన చప్పుడు విన్నాను. ఏది గట్టిగా తగిలిందో నా చేతికి తెలుసు. సాయంత్రం నువ్వు అంకె చూపించినప్పుడు ఒక్కసారైనా ఇది ఇంత తక్కువెందుకుందని అడగలేదు. బాగున్న అంకెను ఎవరు ప్రశ్నిస్తారు? కొండ తప్పుల వల్ల నేను ఎన్ని ఆటలు ఓడిపోయానో ఇక్కడ రూమ్‌లో పిల్లలకు కథలుగా చెప్పాను కూడా. జాలిపడుతున్నట్టు మొహం పెట్టి మరీ చెప్పాను.

బుక్కు తీసుకుపోయి రెజీనా మేడంకు ఇచ్చాను. ఆమె ప్రతి గడీ చూసింది. నిన్నేమీ అనలేదు. నా సీటు సంగతి డిసెంబరు సెలక్షన్‌లో మళ్లీ చూస్తామంది, అందరితో పాటు నేనూ ఆడి నిలబెట్టుకోవాలంది. తర్వాత కొండ పేజీలు మళ్లీ తిరగేసి, ఆమె ముట్టుకున్న బంతులన్నీ వేళ్లమీద లెక్కపెట్టింది. "ఈ అమ్మాయికి ఎవరైనా చెప్పారా?" అని అడిగింది.

లేదు కదా. కొండకు నువ్వే చెప్పాలి. ఉత్తరంలో కాదు, ఎదురుగా. జిల్లా కమిటీకి కూడా చెప్పు. నీ ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనని నాకు భయంగా ఉంది. భయమున్నా అడుగుతున్నాను.

ఏంజీ

*

చిట్టమూరు
22 సెప్టెంబరు 2024, ఆదివారం

ఏంజీ,

వెళ్లాను. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కాను. దారిలో చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. బస్సు దిగేసరికి ఒక్కటీ గుర్తులేదు.

కొండ నాన్న పోలేరయ్య ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. సారు ఇంత దూరం వచ్చాడని మంచం వాల్చాడు. నేను కూర్చోలేదు. కొండ తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. అప్పుడు చెప్పాను. గూడూరు ఆట, పెన్సిల్, రబ్బరు, పదిహేను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

పోలేరయ్యకు ఈ ఆట తెలియదు. కూతురి వైపు తిరిగి, "ఏం చెప్తన్నాడు సారు?" అని అడిగాడు.

"నేను పట్టలేదని రాసినయ్యన్నీ ఎవురూ పట్టలేనియ్యంట నాయనా" అంది కొండ.

ఆయన వల పక్కన పెట్టాడు. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది. "నీ పిల్లకి ఆట రాదు అని రాసినారనే గదా సారూ నేను షెడ్డుకి పంపించింది. ఊరికే ఎండలో పడి దెబ్బలు తగిలించుకునేదెందుకని."

కొండే అడిగింది. "ఇప్పుడు నా పేరు మీద ఎన్ని సార్?"

నాలుగమ్మా అన్నాను.

"ఆ నాలుగూ నావే. పదైదు మీయి" అని లోపలికి పోయింది. మళ్లీ బయటకు రాలేదు. పోలేరయ్య బస్సు దాకా నాతో నడిచాడు. బస్సు కదిలాక చెయ్యి ఎత్తబోయి నేనే దించేసుకున్నాను.

మర్నాడు కమిటీకి పోయాను. కార్యదర్శి ముందు నవ్వాడు. స్కోరర్ తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషిని ఆయన చూడలేదట. గళ్లు చూపించాక నవ్వు ఆగిపోయింది. మూడేళ్లు జిల్లాలో ఎక్కడా నేను స్కోరు రాయకూడదు. స్కూల్లో మెమో ఇచ్చారు, జవాబు రాసిచ్చాను. మూడేళ్లంటే ఆయన దయతలచాడని అనుకుంటున్నాను. కొండను డిసెంబరు సెలక్షన్‌కు రానివ్వమని మీ మేడం రాసిన ఉత్తరం అప్పటికే అక్కడుంది. వాళ్లు ఒప్పుకున్నారు. ఆ కాగితం పోస్టులో కొండకు పోయింది. వస్తుందో రాదో నాకు తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

మామ

*

చిట్టమూరు
10 నవంబరు 2024, ఆదివారం

ఏంజీ,

చిన్న ఉత్తరమే. కొండ గ్రౌండ్‌కు వస్తోంది.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం షెడ్డునుంచి నేరుగా వచ్చి, షార్ట్‌స్టాప్‌లో నిలబడింది. నాతో ఏమీ అనలేదు. బ్యాట్ పట్టుకుని బంతులు కొట్టడానికి ఎవరో ఒకరు కావాలి, అక్కడున్నది నేనే. కొట్టాను. చీకటి పడేదాకా పట్టింది. వెళ్లేటప్పుడు కూడా పలకలేదు. ఇప్పటికి పద్దెనిమిది సాయంత్రాలు అలాగే జరిగింది. నాకు భుజం పట్టేసింది. యాభై రెండేళ్లకు ఒక ఆటగత్తెకు కాస్త పనికొచ్చానన్న సంతోషం మాత్రం ఉంది, అదీ ఆమె చెప్పింది కాదు, నేనే అనుకుంటున్నది.

నువ్వు ఎలా వేస్తున్నావు? ఎడమ కాలు?

మామ

*

గుంటూరు హాస్టల్
15 డిసెంబరు 2024, ఆదివారం

మామా,

సెలక్షన్ అయి రెండు వారాలైంది. ముందే రాయాల్సింది. ఫలితం చూసి, ఆమె చేరేదాకా ఆగాను.

కొండ, వాళ్ల నాన్న రైలు దిగి నేరుగా గ్రౌండ్‌కు వచ్చారు. నేను ఎదురెళ్లాను. కొండ తల ఊపింది, అంతే. పోలేరయ్య మాత్రం నా పేరు గుర్తుపెట్టుకుని ఏంజిలమ్మా అని పలకరించాడు. దాంతో నాకు ఇంకా కష్టమైంది.

మూడు ఆటలు పెట్టారు. షార్ట్‌స్టాప్ స్థానానికి ముగ్గురు, ఒక్కో ఆటలో ఒక్కొక్కరు. మూడింటిలోనూ దాదాపు సగం ఇన్నింగ్స్ నేనే వేశాను. మొదటి అమ్మాయి తొమ్మిది బంతులు ముట్టుకుంది, తొమ్మిదీ పట్టింది. రెండో అమ్మాయికి ఎనిమిది వస్తే ఒకటి వదిలింది. కొండ పద్దెనిమిది ముట్టుకుంది. మూడు తప్పులు చేసింది.

స్కోరు షీటు చూసి సెలక్టర్లలో పెద్దాయన, ఒక్క తప్పూ లేని మొదటి అమ్మాయిని తీసుకుందామన్నాడు. నేను పక్కనే నీళ్లు తాగుతున్నాను. రెజీనా మేడం తన నోట్‌బుక్ ఆయన ముందు పెట్టింది. "ఈమె పదిహేనుమందిని అవుట్ చేసింది సార్. మిగతా ఇద్దరూ కలిపితే పదహారు. తప్పు చేయని పిల్లే కావాలంటే బంతికి దూరంగా ఎవరిని నిలబెట్టినా చాలు."

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. పేరు ఎలా రాయాలని అడిగాడు. మాలకొండమ్మ అని మేడం ఒక్కో అక్షరం చెప్పింది. పోలేరయ్య దూరంగా కంచె దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన భుజం మీది కండువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నా సంగతి. పది ఇన్నింగ్స్‌లలో తొమ్మిది స్ట్రైకవుట్లు, మూడే వాక్‌లు. ఎడమ కాలు తెరుచుకోవడం లేదు. అయినా పరుగులు ఇచ్చాను. జట్టులో తీసుకోలేదు, కానీ పంపించనూ లేదు. మార్చి దాకా ఉంచారు, ప్రాక్టీసు పిచ్చర్‌గా. అంటే మిగతావాళ్లు కొట్టడం నేర్చుకోవడానికి బంతులు వేసే మనిషిని. రోజుకు నూటయాభై. నా మీద అందరిదీ పైచేయే. దీన్ని కొలిచే సూచిక ఏదైనా ఉంటే మాత్రం కనిపెట్టకు.

కొండ వారం క్రితం హాస్టల్లో చేరింది. మా గదిలోనే ఇచ్చారు. మొదటి రోజే నేను చెప్పాల్సింది చెప్పాను. తన తప్పుల గురించి ఇక్కడ అందరికీ కథలు చెప్పానని కూడా చెప్పేశాను. ఆమె పక్క సర్దుకుంటూ వింది, పడుకుంది. తర్వాత ఐదు రోజులు నాతో ఒక్క మాట లేదు. మెస్‌లో వేరే బల్ల దగ్గర కూర్చునేది. ఇలాంటి మౌనం నీకు అలవాటే కదా, నాకు కొత్త.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసేసరికి గ్లవ్ చంకలో పెట్టుకుని వచ్చి నా మంచం ముందు నిలబడింది. ఎవరికి రాస్తున్నావని అడిగింది. చెప్పాను.

"మీ ఇద్దరి మీదా నాకు కోపం పోలేదమ్మే" అంది. "కానీ నాకు ఎడమ పక్క బంతులు ఇంకా రావాల. గట్టిగా వెయ్యి, వాళ్లు కొడతారు. రా."

గుమ్మంలో నిలబడి ఉంది మామా. వెళ్తున్నాను.

ఏంజీ